ఉప్పునీటికి వెళ్లే గన్‌మెటల్, కంచు పోతలు: పైపొరను ఎలా సిద్ధం చేయాలి

పంపు ఇంపెల్లర్‌ను (నీటిని తోసే రెక్కల చక్రాన్ని) ఉప్పు తినేసిందంటే అందరూ ముందు తిట్టేది పోత పోసినవాడినే. కల్తీ లోహం పోశాడంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలకు నీళ్లు తోడే పంపులైనా, జువ్వలదిన్నె, కొత్తపట్నం పడవల ప్రొపెల్లర్లయినా, మంచి లోహం తొందరగా పోయిందంటే పోత తర్వాత గ్రైండర్ దగ్గరో, యాసిడ్ తొట్టిలోనో, కడుగుడులోనో తప్పు జరిగి ఉండే అవకాశమే ఎక్కువ.

కారణం చిన్నదే. కంచు ఉప్పునీటిలో నిలబడేది తన గట్టిదనంతో కాదు, తన మీద తానే కట్టుకునే పొరతో. మొదట ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మీద నెమ్మదిగా ఆకుపచ్చ రాగి హైడ్రాక్సీక్లోరైడ్, అంటే మనం చిలుము అనేది, చేరుతుంది. లోపలి ఎర్ర పొర సందు లేకుండా, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటే తినడం బాగా తగ్గిపోతుంది. ఇసుక రేణువు, ఇనుప రజను, సన్నని రంధ్రం, యాసిడ్ వదిలిన క్లోరైడ్ ఉన్న చోట ఆ పొర సరిగ్గా అతకదు. గుంట పడేది అక్కడే.

ముందు చేతిలో ఉన్నది ఏ లోహమో తేల్చుకోండి

అంగట్లో "గన్‌మెటల్" (రాగి, తగరం, జింకు కలిసిన కంచు) అని అమ్మేవన్నీ గన్‌మెటల్ కావు. ఉప్పునీటి పంపులకు ఎక్కువగా వాడేది 85-5-5-5: రాగి 85, తగరం 5, సీసం 5, జింకు 5 శాతం. భారతీయ ప్రమాణం ఐఎస్ 318లో ఇది ఎల్‌టీబీ-2 గ్రేడు. "మాంగనీస్ బ్రాంజ్" పేరుతో వచ్చేది నిజానికి దాదాపు 40 శాతం జింకు ఉన్న గట్టి ఇత్తడి. దాంట్లోంచి జింకు కరిగి వెళ్లిపోయి ఎర్రటి, గుల్ల రాగి మిగులుతుంది. పైకి ఆకారం చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, సుత్తితో తడితే పెచ్చు రాలుతుంది. ఆ లోహానికి ఏ ఫినిషింగ్ చేసినా ఆ జబ్బు వాయిదా పడుతుందంతే. మూడోది నికెల్ అల్యూమినియం బ్రాంజ్: అల్యూమినియం సుమారు 9, నికెల్ నాలుగైదు, ఇనుము 4 శాతం. మంచి ప్రొపెల్లర్లు దీంతోనే పోస్తారు.

ల్యాబ్ లేకుండా వీటిని విడదీయడానికి వేలాడే డిజిటల్ కాటా చాలు. ముక్కను గాలిలో తూచండి. తర్వాత నైలాన్ దారంతో కట్టి, బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, అడుగుకు తగలకుండా మళ్లీ తూచండి. గాలిలో బరువును రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలిలో 4.40 కిలోలు, నీళ్లలో 3.90 అయితే 4.40ని 0.50తో భాగించాలి, 8.8 వస్తుంది. అది గన్‌మెటల్. 8.3 దగ్గర వస్తే గట్టి ఇత్తడి అని అనుమానించండి. 7.6 వస్తే అల్యూమినియం బ్రాంజ్. పోతలో గాలి బుడగలు ఎక్కువుంటే లెక్క కాస్త తగ్గి వస్తుంది, కాబట్టి 8.5 లాంటి మధ్య అంకె వస్తే తొందరపడి తీర్పు చెప్పకండి. రన్నర్ (లోహం అచ్చులోకి పారిన కాలువలో గడ్డకట్టిన భాగం) ముక్క కోసి దాన్ని తూచండి.

పోత చర్మాన్ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీయాలి

ఇసుక అచ్చుకు తగిలిన పైపొర త్వరగా చల్లారుతుంది కాబట్టి అక్కడ లోహపు రేణువులు సన్నగా, దట్టంగా ఉంటాయి. గన్‌మెటల్ గడ్డకట్టేటప్పుడు మందమైన చోట మధ్యలో సన్నని సూది రంధ్రాలు మిగులుతాయి. అందుకే మొత్తం నున్నగా ఉండాలని మూడు నాలుగు మిల్లీమీటర్లు లేత్ మీద తీసేస్తే, గట్టి చర్మం పోయి గుల్ల లోపలి భాగం బయటపడుతుంది. అది నున్నగా మెరుస్తున్నా, ఉప్పు దాన్ని పాత చర్మం కంటే తొందరగా తినేస్తుంది. కేసింగ్ (పంపు పైకవచం) అయితే ఆ రంధ్రాల గుండా చెమర్చడం కూడా మొదలవుతుంది.

కాబట్టి ఒక లెక్క పెట్టుకోండి. బేరింగ్, సీల్, ఫ్లాంజ్ కూర్చునే చోట్లే మెషినింగ్ చేయండి, అదీ డ్రాయింగ్ అడిగినంతే. నీళ్లు తగిలే మిగతా భాగంలో చర్మం శుభ్రంగా ఉంటే అలాగే వదిలి, దాని మీద ఉన్న మలినాన్ని మాత్రం తీయండి. చర్మం శుభ్రంగా లేని సందర్భాలు రెండు. ఒకటి, ఇసుక కరిచి ఉండటం. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక పోతకు మంచిదే కానీ, అచ్చు సరిగ్గా కుదించకపోయినా లోహం మరీ వేడిగా పోసినా గింజలు లోహంలో దిగబడతాయి. ప్రతి గింజ చుట్టూ ఒక సందు, ప్రతి సందులో నిలిచిన ఉప్పునీరు. రెండు, తగరం 10 శాతం దాటిన కంచుల్లో వచ్చే "తగరపు చెమట". పైన బూడిద తెలుపు రంగులో చిన్న బొట్లలా కనిపిస్తుంది. కరిగిన లోహంలో హైడ్రోజన్ వాయువు ఉండిపోతే తగరం ఎక్కువున్న ద్రవాన్ని బయటికి నెడుతుంది. ఆ బొట్ల కింద లోహం గుల్ల. బొట్లు పోయేదాకా తీసి, డై పెనెట్రెంట్ కొట్టి చూడండి. ఎర్ర రంగు పూసి, పదిహేను నిమిషాలాగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే ఎర్ర చుక్కలు గుంపుగా వచ్చిన చోట ఆ పోత ఉప్పునీటికి పనికిరాదు.

లేత్ పనిలో ఇంకో మాట. 85-5-5-5లో సీసం కరగకుండా చిన్న గుళికలుగా ఉంటుంది. మొద్దుబారిన టూలు వాటిని ఉపరితలం మీద వెన్నలా పూస్తుంది. పైకి అద్దంలా కనిపిస్తుంది, కింద లోహం నలిగి, చీలికలతో ఉంటుంది. చివరి పాసుకు పదునైన కార్బైడ్ టూలు పెట్టి, ఫీడు (టూలు ముందుకు జరిగే వేగం) తగ్గించండి. పొడి పొడిగా చిప్ రావాలి. టూలు రుద్దుతున్న చప్పుడు వస్తే ఆపి పదును పెట్టండి.

గ్రైండింగ్: ఇనుమే శత్రువు

ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) గేటు కోసిన గ్రైండర్ చక్రంతోనే గన్‌మెటల్ ఇంపెల్లర్‌కు ముళ్లు తీయడం, ఇనుప వైరు బ్రష్‌తో రుద్దడం, స్టీల్ గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేయడం. ఈ మూడింటిలో ఏది జరిగినా ఉపరితలంలో ఇనుప రజను దిగబడుతుంది. ఉప్పునీటిలో ఆ ఇనుము ముందు తుప్పుగా మారి, దాని కింద గాలి ఆడని చిన్న మడుగు తయారవుతుంది. ఇనుము పూర్తిగా కరిగిపోయాక మిగిలిన గుంట ఆగదు, లోపలికి దిగుతూనే ఉంటుంది.

కంచు పనికి విడిగా చక్రాలు, ఆకురాళ్లు, బ్రష్‌లు పెట్టుకుని వాటికి రంగు పూసి వేరు చేయండి. బ్రష్ అయితే ఫాస్ఫర్ బ్రాంజ్ లేదా స్టెయిన్‌లెస్ తీగది. ఎమరీ పేపర్ 120, తర్వాత 240, తర్వాత 400 నంబరు. ప్రతి అంకెకూ రుద్దే దిశ అడ్డంగా మార్చండి, వెనకటి గీతలన్నీ పోయాకే ముందుకు వెళ్లండి. 400 దగ్గర ఆపేయండి. అంతకుమించి బఫింగ్ చేసి అద్దంలా మెరిపించడం షోరూం కోసమే. గరుకు తగ్గేకొద్దీ గుంటలు మొదలయ్యే చోట్లు తగ్గుతాయన్నది నిజమే కానీ, బఫింగ్ మైనం, సబ్బు రంధ్రాల్లో ఇరుక్కుంటే వచ్చిన లాభం పోతుంది. చీమకుర్తి గ్రానైట్ పనికి వాడే సిలికాన్ కార్బైడ్ కాగితం కొత్తదైతే దీనికీ బాగుంటుంది. రాయి మీద వాడిన ప్యాడ్ మాత్రం తేవద్దు.

బ్లాస్టింగ్ చేయాలంటే ఇసుక గింజలు తీయడానికి అల్యూమినియం ఆక్సైడ్, ఆ తర్వాత ఉపరితలాన్ని అణచడానికి గాజు పూసలు, 2 నుంచి 3 బార్ ఒత్తిడి చాలు. గాజు పూసల దెబ్బకు పైపొర కాస్త నొక్కుకుని సన్నని రంధ్రాల నోళ్లు మూసుకుంటాయి, లోహం అలసటకు చీలడం కూడా తగ్గుతుంది. సముద్రపు ఇసుక దగ్గర్లోనే ఉంది కదా అని దాంతో బ్లాస్టింగ్ చేయొద్దు. అందులో ఉప్పు ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది.

ఇనుము మిగిలిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఆర్వో నీళ్లలో తడిపిన తెల్ల నూలు గుడ్డ ముక్కకు చుట్టి, పైన పాలిథీన్ కప్పి రాత్రంతా ఉంచండి. ఉదయం గుడ్డ మీద గోధుమ రంగు చుక్కలుంటే మళ్లీ 240 పేపర్‌కు వెళ్లాల్సిందే.

యాసిడ్ తొట్టి, కడుగుడు

పోత మీది నల్ల పొక్కు (వేడికి కట్టిన ఆక్సైడ్ పొర) తీయడానికి బాత్రూం యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, వాడటం వర్క్‌షాపుల్లో మామూలే. ఈ మొత్తం పనిలో అతి పెద్ద తప్పు అదే. రంధ్రాల్లో క్లోరైడ్ చేరి క్యూప్రస్ క్లోరైడ్‌గా కూర్చుంటుంది. గాలిలో తేమ తగిలినప్పుడల్లా అది లేత ఆకుపచ్చ పొడిగా ఉబుకుతుంది. తుడిస్తే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది. కంచు జబ్బు అనేది ఇదే. గోదాములో పెట్టిన స్పేర్ ఇంపెల్లర్ నీళ్లు చూడకుండానే పాడైందంటే ముందు దీన్నే అనుమానించాలి. ఇంట్లో కంచు గిన్నెను చింతపండు, ఉప్పు వేసి తోమి వెంటనే కడిగితే పెద్దగా ఏమీ కాదు. గుల్ల ఉన్న పోతకు మాత్రం ఆ ఉప్పు కూడా ప్రమాదమే.

హైడ్రోక్లోరిక్ బదులు సిట్రిక్ యాసిడ్ వాడండి. 10 లీటర్ల నీళ్లలో 1 కిలో కలిపి, 50 డిగ్రీలకు వేడి చేసి, గ్రీజు ముందే వదిలించిన ముక్కను 20 నుంచి 30 నిమిషాలు ముంచండి. ప్లాస్టిక్ తొట్టి, ప్లాస్టిక్ పట్టకారు. ఇనుప పట్టకారు ముంచితే ద్రావణంలో కరిగిన రాగి తిరిగి ముక్క మీదికి వచ్చి గులాబీ రంగు పూత పూస్తుంది. పొక్కు మొండిగా ఉంటే 10 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ ఐదు నుంచి పది నిమిషాలు. 9 లీటర్ల నీళ్లలో 1 లీటరు యాసిడ్‌ను సన్నని ధారగా పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండాల్సిందే. వాడేసిన ద్రావణంలో రాగి, సీసం ఉంటాయి. దాన్ని సున్నంతో విరిచి అడుగున దిగిన మడ్డిని విడిగా తీసేయాలి. కాలవలోకి, ముఖ్యంగా గుంట కాలవలోకి పోయొద్దు, రొయ్యకు రాగి విషం.

తర్వాత 5 శాతం వంటసోడా నీళ్లలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు కడగండి. కోస్తా మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే తీసిన క్లోరైడ్‌ను మళ్లీ ఎక్కించినట్టే. చివరి రెండు కడుగుళ్లకు 20 లీటర్ల ఆర్వో క్యాను తెచ్చుకోండి. చివరి తొట్టిలో ముక్కను గంటసేపు ఉంచి, టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలను చూపేది) ముందు అంకె, తర్వాత అంకె చూడండి. పెరగలేదంటే కడుగుడు అయినట్టు. పెరిగితే నీళ్లు మార్చి మళ్లీ గంట. చివరగా 100 నుంచి 110 డిగ్రీల ఓవెన్‌లో గంట. పైన ఆరినట్టు కనిపించినా రంధ్రాల్లో నీరు ఉంటుంది.

స్పేర్‌గా దాచేవాటికి బెంజోట్రయాజోల్ పూత మంచిది. 10 లీటర్ల ఆర్వో నీళ్లలో 50 గ్రాములు, 60 డిగ్రీలు, పది నిమిషాలు. చేతి తొడుగులు మరవొద్దు. ఇది రాగితో కలిసి కంటికి కనిపించని పొర కడుతుంది. గోదాములో బాగా కాపాడుతుంది కానీ, పారే ఉప్పునీటిలో ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి అమ్మేవాడు దీన్ని సముద్రపు పూత అంటే నమ్మకండి.

అల్యూమినియం బ్రాంజ్‌కు లెక్క వేరు

ఇందులో సమస్య ఉపరితలం కంటే లోపలి నిర్మాణానిది. చల్లారే తీరును బట్టి ఒకే ముక్కలో రకరకాల దశలు (వేర్వేరు స్ఫటిక రూపాలు) ఏర్పడతాయి, వాటిలో ఒకదాన్ని ఉప్పునీరు ఏరి తింటుంది. పోతలో అల్యూమినియం శాతం, 8.2కు నికెల్ శాతంలో సగం కలిపితే వచ్చే అంకె దాటకూడదు. నికెల్ 4.5 అయితే 10.45 హద్దు. నికెల్ లేని పది శాతం అల్యూమినియం రకాన్ని అచ్చులోనే నెమ్మదిగా చల్లారనిస్తే, 565 డిగ్రీల కింద గామా-2 అనే పెళుసు దశ పుట్టి, దాంట్లోంచి అల్యూమినియం కరిగిపోతుంది. అందుకే ఆ పోతను ఇంకా వేడిగా ఉండగానే అచ్చు విప్పాలి.

నికెల్ రకంలో త్వరగా చల్లారిన సన్నని అంచులు, వెల్డింగ్ పక్కనున్న పట్టీ బలహీనం. 675 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచి గాలిలో చల్లారిస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. ప్రొపెల్లర్ రెక్క విరిగి వెల్డింగ్ చేయించిన వాళ్లు ఈ వేడి పని చేయించరు. ఏడాది తిరగకముందే వెల్డింగ్ పక్కన గీత గీసినట్టు తినేస్తే ఆశ్చర్యం ఏముంది? సీసం ఉన్న గన్‌మెటల్‌ను అసలు వెల్డింగే చేయించకండి. చీలుతుంది, సీసపు పొగ పీలుస్తారు.

తిరిగే పిన్నుతో పైపొరను కరిగించకుండా కలియదిప్పి రేణువుల్ని సన్నబరిచే ఫ్రిక్షన్ స్టిర్ పద్ధతిని అమెరికా నౌకాదళం ప్రొపెల్లర్ల కోసం పరీక్షించింది. పోత రంధ్రాలు మూసుకుని బలం పెరుగుతుంది. మన చిన్న వర్క్‌షాపులకు అందే యంత్రం కాదది.

మొదటి మునక

మన తీరంలో నీళ్లు వెచ్చగా ఉంటాయి, కాబట్టి రక్షణ పొర త్వరగానే మొదలవుతుంది. అయినా అది గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ మొదటి రోజుల్లో దొరికే నీరు ముఖ్యం. గుంట అడుగు నల్ల బురదలోంచి వచ్చే, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దాంట్లో ఆక్సైడ్ బదులు నల్లటి సల్ఫైడ్ పొర కడుతుంది, అది అతకదు. తర్వాత మంచి నీరు వచ్చినా ఆ పొర కిందే తినడం సాగుతుంది. కొత్త ఇంపెల్లర్‌ను కాపు చివర గుంట ఖాళీ చేసే పనితో మొదలుపెట్టొద్దు. ఉప్పుటేరులో పోటు నీరు వచ్చేటప్పుడు, వారం పది రోజులు మంచి నీటితో నడపండి. గుంటకు బ్లీచింగ్ వేసిన వెంటనే ఆ నీటిని కొత్త పంపుతో తిప్పకండి. హేచరీ లార్వా ట్యాంకులకు మాత్రం ఎంత బాగా ఫినిషింగ్ చేసినా కంచు పెట్టకూడదు, ప్లాస్టిక్ పంపులే సరి.

బిగించేటప్పుడు గ్లాండ్‌కు (షాఫ్ట్ పక్కనుంచి నీరు కారకుండా తాడు కుక్కే చోటికి) గ్రాఫైట్ తాడు వద్దు, టెఫ్లాన్ తాడు వాడండి. ఉప్పునీటిలో గ్రాఫైట్ పక్కనున్న లోహాన్ని ఉప్పు తినేస్తుంది. ఎమ్మెస్ కేసింగ్, కంచు ఇంపెల్లర్ జతలో పోయేది కేసింగే. అక్కడ ఇనుముకు మాత్రమే రంగు వేస్తే గీత పడిన ఒక్క చోటే లోతుగా తింటుంది. రంగు వేయదలిస్తే కంచుకూ వేయండి. పడవకు జింకు ముక్క బిగిస్తే ప్రొపెల్లర్ తినడం తగ్గుతుంది, కానీ రాగి వదలడం ఆగిపోవడంతో నత్తగుల్లలు పట్టుకుంటాయి. గోకుడు పని పెరుగుతుంది. జింకుకు మాత్రం రంగు పూయకండి.

కాపుకు కాపుకు మధ్య పంపు ఆగి ఉన్నప్పుడే ఎక్కువ నష్టం. నిలిచిన నీరు, బురద, చచ్చిన నత్తలు. డ్రెయిన్ ప్లగ్ తీసి, మంచినీళ్లతో కడిగి, మూత తెరిచి ఆరబెట్టండి.

ఏ ఫినిషింగ్ మీ నీటికి సరిపోతుందో తూచి చూడండి

అదే పోత రన్నర్ నుంచి 50×25×3 మిల్లీమీటర్ల బిళ్లలు కోయించండి. కొన్ని పోత చర్మంతో, కొన్ని 400 పేపర్‌తో, కొన్ని గాజు పూసలతో, ఒక్కో రకానికి మూడేసి. 0.01 గ్రాము తేడా చూపే కాటా మీద తూచి, నంబరు గుద్ది, నైలాన్ తాడుతో పంపు నీరు తీసుకునే చోట 30 రోజులు వేలాడదీయండి. తీగ వాడొద్దు, బిళ్లలు ఒకదానికొకటి తగలొద్దు. తీశాక 10 శాతం సల్ఫ్యూరిక్‌లో చిలుము వదిలించి, ఆరబెట్టి తూచండి. నీళ్లు చూడని ఒక బిళ్లను కూడా అదే యాసిడ్‌లో ముంచి, దాని తరుగును అన్నిటిలోంచి తీసేయండి.

తరుగును మిల్లీగ్రాముల్లో తీసుకుని 87.6తో గుణించండి. దాన్ని సాంద్రత, చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం, గంటలు ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు తింటుందో వస్తుంది. ఈ బిళ్ల వైశాల్యం 29.5, గంటలు 720, గన్‌మెటల్ సాంద్రత 8.8. తరుగు 100 మిల్లీగ్రాములైతే 0.047 మిల్లీమీటర్లు. మొదటి నెల వేగం ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి 0.05 లోపు ఉంటే ఆ ఫినిషింగ్‌తో ముందుకు వెళ్లొచ్చు. అయితే అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. బిళ్లను భూతద్దం కింద పెట్టండి. తరుగు తక్కువే ఉన్నా సూదిమొన గుంటలు కనిపిస్తే అది ఇనుప రజనో, మిగిలిన క్లోరైడో. తరుగు కాస్త ఎక్కువున్నా బిళ్ల అంతటా ఒకేలా గోధుమ రంగు తిరిగి ఉంటే, ఆ రెండింట్లో పంపుకు ఎంచుకోవలసింది ఈ రెండోదే.